పిత్తాశయంలో రాయి: హకీమ్ చెప్పవలసిన నిజం



నా దవాఖానాకు ఈ మధ్య ఒక రకం రోగులు ఎక్కువగా వస్తున్నారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో స్కానింగ్ రిపోర్టు. కూర్చోగానే ఒకటే మాట. "హకీం సాబ్, పిత్తాలో రాయి ఉందట. డాక్టరు ఆపరేషన్ అంటున్నాడు. కోత లేకుండా కరిగే మందు ఇవ్వండి."

ఇరవై ఏళ్ళ క్రితమైతే "చూద్దాం, మందు వాడండి" అనేవాణ్ణి. ఇప్పుడు అనడం లేదు. ఎందుకు అనడం లేదో ఈ వారం మీకు చెప్పాలి. నేను యునానీ వైద్యం చదివినవాణ్ణి, అదే వృత్తిగా బతికినవాణ్ణి. వయసు అరవై దాటింది. మా వైద్యం మీద నాకు ఎంత గౌరవం ఉందో, దాని హద్దు చెప్పకపోతే అంత పాపం చేసినట్టేనని ఒక చెల్లెమ్మ వల్ల తెలుసుకున్నాను.

ఆమె మా సిరోంచ మనిషే. వయసు నలభై పైన, ముగ్గురు పిల్లల తల్లి. దావత్‌లో భోంచేసి వచ్చిన రాత్రల్లా కుడి డొక్క కింద నొప్పి, భుజం వెనక్కి పాకేది. రిపోర్టులో చాలా చిన్న రాళ్ళు అని రాశారు. నేను షర్బత్ ఇచ్చాను, జీర్ణానికి జవారిష్ ఇచ్చాను, నూనె పదార్థాలు మానమన్నాను. రెండు నెలలు నొప్పి రాలేదు. ఆమె సంతోషించింది, నేనూ సంతోషించాను. ఆపరేషన్ మాట ఇద్దరం మరిచిపోయాం. మూడో నెలలో ఒక రాత్రి చలిజ్వరం పట్టుకుంది. తెల్లారేసరికి కళ్ళు పచ్చబడ్డాయి. గోదావరి దాటించి వరంగల్ వైపు తీసుకువెళ్ళారు. నా మందుకు రాయి కరగలేదు. జారి పైత్యనాళంలో ఇరుక్కుంది. అల్లాహ్ దయవల్ల ఆమె బతికింది. కానీ పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంది, ఒంటి మీద బంగారం పోయింది. ఆమె భర్త నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆ తిత్తి చేసే పని ఏమిటి?

ఖుర్బానీ రోజు కాలేయాన్ని కోసేటప్పుడు మన ఇళ్ళలో ఎంత జాగ్రత్త పడతారో మీకు తెలుసు. కాలేయానికి అంటుకొని ఉండే ఆకుపచ్చ తిత్తి పగిలిందంటే మాంసమంతా చేదవుతుంది. దాన్నే మనం పిత్తా అంటాం. యునానీ పుస్తకాల్లో దాని పేరు మరారా. మనిషిలోనూ అది కుడివైపు కాలేయం కింద, చిన్న బేరిపండు ఆకారంలో ఉంటుంది.

జాలీనూస్, ఇబ్నె సీనా వంటి మన పెద్దలు దీని గురించి చాలా రాశారు. కాలేయంలో పుట్టిన సఫ్రాను, అంటే పచ్చ పైత్యాన్ని, మరారా తనలోకి లాక్కుంటుందనీ, అక్కడి నుంచి అది పేగుల్లోకి దిగి వాటిని కడిగి, మలం బయటికి పోయేలా ప్రేరేపిస్తుందనీ చెప్పారు. దారిలో సుద్దా, అంటే అడ్డు, ఏర్పడితే యర్ఖాన్ వస్తుందన్నారు. యర్ఖాన్ అంటే కామెర్లు. స్కానింగ్ లేని కాలంలో ఇంత గ్రహించడం చిన్న విషయం కాదు.

నేటి పరిశోధన దీనికి లెక్కలు జతచేసింది. కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారు చేస్తుంది. తిత్తిలో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లే. అందుకే అది రసంలోని నీటిని పీల్చేసి, చిక్కబరిచి దాచుకుంటుంది. మనం కొవ్వు పదార్థం తినగానే పేగు నుంచి ఒక హార్మోను రక్తంలోకి వస్తుంది. 1928లో అమెరికాలో ఐవీ, ఓల్డ్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞులు దాన్ని కనుగొన్నారు. పేరు కోలెసిస్టోకైనిన్. దాని కబురు అందగానే తిత్తి ముడుచుకొని రసాన్ని పేగులోకి వదులుతుంది. ఆ రసం కొవ్వును చిన్న చిన్న బిందువులుగా విడగొడుతుంది. సబ్బు నూనె జిడ్డును విడగొట్టినట్టే ఇదీ.

దావత్ తిన్న రాత్రే నొప్పి ఎందుకు వస్తుందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. బగారా అన్నం, దాల్చా లోపలికి వెళ్ళాయి. తిత్తి గట్టిగా ముడుచుకుంది. లోపలి రాయి వచ్చి దాని మెడకు అడ్డుపడింది. దాన్ని గ్యాస్ అనుకొని మనం సోడా తాగుతాం.

రాయి ఎలా పుడుతుంది?

పైత్యరసంలో ముఖ్యంగా మూడు పదార్థాలు ఉంటాయి: పైత్య లవణాలు, లెసిథిన్, కొలెస్ట్రాల్. కొలెస్ట్రాల్ నీటిలో కరగదు. మిగతా రెండూ కలిసి దాన్ని కరిగించి మోస్తాయి. ఈ మూడింటి పాళ్ళు ఎంతవరకు కుదిరితే రసం తేటగా ఉంటుందో 1968లో అమెరికాలో అడ్మిరండ్, స్మాల్ లెక్కగట్టి చూపించారు. కొలెస్ట్రాల్ పాలు హద్దు దాటితే స్ఫటికాలు కడుతుంది. చెక్కెర పాకం ముదిరితే పలుకులు కట్టినట్టు. తిత్తి సరిగా ముడుచుకోకుండా రసం నిల్వ ఉండిపోతే ఆ పలుకులే పెరిగి రాళ్ళవుతాయి.

స్త్రీలలో ఇది ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల రసంలో కొలెస్ట్రాల్ పెరుగుతుంది, తిత్తి కదలిక మందగిస్తుంది. ఎక్కువ కాన్పులు, స్థూలకాయం, మధుమేహం, వయసు, కుటుంబంలో ఇంతకుముందు ఉండటం కూడా కారణాలే. త్వరత్వరగా బరువు తగ్గినా రాళ్ళు వస్తాయి. పెళ్ళికి ముందు నెల రోజులు పస్తులుండి సన్నబడే ఆడపిల్లలు, వారి అమ్మలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మన దేశంలోనూ అన్నిచోట్లా ఒకేలా లేదు. డాక్టర్ ఎస్.ఎల్. మల్హోత్రా రైల్వే ఉద్యోగులను పరిశీలించి 1968లో రాసిన ప్రకారం, పిత్తాశయ రాళ్ళు దక్షిణాది కంటే ఉత్తరాదిలో దాదాపు 7 రెట్లు ఎక్కువ. కశ్మీరులో డాక్టర్ ఖురూ బృందం స్కానింగ్ చేసి 1989లో ప్రచురించిన లెక్కలో పెద్దవారిలో నూటికి 6 మందికి పైగా ఈ జబ్బు కనబడింది. స్త్రీలలో 9.6 శాతం, మగవారిలో 3 శాతం. ఇంకో తేడా కూడా ఉంది. ఉత్తరాదిన ఎక్కువగా దొరికేవి కొలెస్ట్రాల్ రాళ్ళు. దక్షిణాదిన రంగు రాళ్ళు, మిశ్రమ రాళ్ళు ఎక్కువ. రంగు రాయి అంటే రక్తకణాలు విరిగినప్పుడు వచ్చే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం గడ్డకట్టి ఏర్పడినది. నల్లగా, పెళుసుగా ఉంటుంది.

ఈ రంగు రాయి గురించి మన గడ్చిరోలి జిల్లాలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇక్కడి గోండు, మాడియా ఆదివాసుల్లో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది. ఈ జబ్బులో కణం కొడవలిలా వంగి 10, 20 రోజులకే విరిగిపోతుంది. విరిగిన కణాల పసుపంతా పైత్యంలోకి చేరుతుంది. అందుకే ఈ పిల్లలకు పదేళ్ళు, పదిహేనేళ్ళ వయసులోనే రాళ్ళు వస్తాయి. మీ దుకాణంలో పనిచేసే కుర్రవాడో, మీ ఇంటికి వచ్చే పనిమనిషి బిడ్డో తరచూ ఒళ్ళు నొప్పులతో, పచ్చబడ్డ కళ్ళతో కనబడితే "కామెర్లు, పసరు మందు వేయించు" అని పంపేయకండి. రక్తపరీక్ష చేయించమని చెప్పండి. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం ఈ జబ్బు నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2047 నాటికి నిర్మూలించాలన్నది లక్ష్యం.

ఇది మన ఇళ్ళకు సంబంధం లేని సంగతి అనుకోవద్దు. తల్లి నుంచీ తండ్రి నుంచీ, ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడే రక్తపు జబ్బులు తలసేమియాతో సహా కొన్ని ఉన్నాయి. చాచా కూతురికీ ఖాలా కొడుక్కీ సంబంధాలు కుదుర్చుకునే కుటుంబాలకు ఆ ప్రమాదం కొంచెం ఎక్కువే. చిన్న వయసులో పిత్తాశయంలో రాయి కనబడితే రాయిని ఒక్కదాన్నే చూడకండి, రక్తాన్ని కూడా చూపించండి.

కరిగించే మందు ఉందా?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. జనం రెండు వేరువేరు రాళ్ళను ఒకటే అనుకుంటున్నారు. మూత్రపిండంలో రాయి వేరు, పిత్తాశయంలో రాయి వేరు. కొండపిండి ఆకు, ఉలవకట్టు, మా హజ్రుల్ యహూద్ ఇవన్నీ మూత్రపు రాళ్ళకు వాడుకలో ఉన్నవి. అక్కడ చిన్న రాయి మూత్రంతో పాటు బయటికి పోతుంది, మనిషి హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు. పిత్తాశయం సంగతి అలా కాదు. ఇక్కడ రాయి కదిలి బయలుదేరడమే ప్రమాదం. అది సన్నటి నాళంలో ఇరుక్కుంటే కామెర్లు, చలిజ్వరం. ఇంకొంచెం కిందికి దిగి క్లోమగ్రంథి దారిని అడ్డుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందువల్ల "రాయి పడిపోయే మందు" అని ఎవరైనా అంటే ఎక్కడ పడుతుందో ముందు అడగండి.

ఫోన్లలో తిరిగే ఇంకో చిట్కా ఉంది. ఆలివ్ నూనె, నిమ్మరసం కలిపి రాత్రి తాగితే తెల్లారి మలంలో పచ్చటి ఉండలు పడతాయని, అవే రాళ్ళని. మన ఆడవాళ్ళు సీసాలో వేసి నాకు చూపించినవి కూడా ఉన్నాయి. 2005లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు పరిశోధకులు అటువంటి ఉండలను పరీక్షించి ఫలితం రాశారు. అందులో కొలెస్ట్రాల్ లేదు, బిలిరుబిన్ లేదు. కొద్దిపాటి వేడికే కరిగి నూనె అయ్యాయి. తాగిన నూనె, నిమ్మరసం కడుపులో కలిసి తయారైన సబ్బు ఉండలవి! మనిషి తన సబ్బును చూసి తన రాయి పోయిందని సంబరపడుతున్నాడు. రాయి మాత్రం తిత్తిలో అలాగే ఉంది.

అయితే కరిగించే మందే లేదా? ఒకటి ఉంది. దాని కథలో మా బోటి పాత వైద్యుల పాత్ర కూడా ఉంది. చీనా వైద్యులు ఎలుగుబంటి పైత్యాన్ని కాలేయం జబ్బులకు వాడేవారు. 1927లో జపాను శాస్త్రజ్ఞుడు షోడా అందులోని ఒక ఆమ్లాన్ని విడదీశాడు. అదే నేడు డాక్టర్లు రాసే అర్సోడీఆక్సీకోలిక్ ఆసిడ్. ఇప్పుడు దాన్ని ఫ్యాక్టరీల్లో తయారు చేస్తున్నారు. కానీ దానికీ షరతులున్నాయి. రాయి కొలెస్ట్రాల్‌దై ఉండాలి, చిన్నదై ఉండాలి, సున్నం పట్టి ఉండకూడదు, తిత్తి బాగా పనిచేస్తూ ఉండాలి. ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా వాడాలి. కరిగినవారిలో సగం మందికి దాకా ఐదేళ్ళలో మళ్ళీ వస్తాయి. రంగు రాళ్ళ మీద అది పనిచేయదు. మన దక్షిణాదిన రంగు రాళ్ళు, మిశ్రమ రాళ్ళే ఎక్కువని పైన చెప్పుకున్నాం కదా.

మరి యునానీ ఏమీ చేయలేదా? చేయగలదు. కాస్నీ, సోంపు, షర్బత్, జవారిష్ వంటివి అజీర్ణాన్ని, మలబద్ధకాన్ని, కడుపుబ్బరాన్ని తగ్గించడానికి మేము తరతరాలుగా వాడుతున్నాం. ఇలాజ్ బిల్ గిజా, అంటే ఆహారంతో వైద్యం, మా బలం. కానీ అజీర్ణం తగ్గడం వేరు, రాయి పోవడం వేరు. రెండింటినీ కలిపి చెప్పేవాడు హకీమ్ కాడు, వ్యాపారి. నా తోటి హకీములకు నా మనవి ఇదే: కరిగిస్తామని చెప్పదలుచుకుంటే మందుకు ముందు ఒక స్కానింగు, తరువాత ఒక స్కానింగు పక్కపక్కన పెట్టి చూపిద్దాం. మన వైద్యంలో పరిశోధన కోసమే 1978లో కేంద్ర యునానీ పరిశోధన మండలి ఏర్పడింది. పరీక్షకు నిలబడినప్పుడే మన విద్యకు గౌరవం.

మాట్లాడని రాయి, మాట్లాడే రాయి

ఇంత చెప్పానని రాయి కనబడిన ప్రతివారూ ఆపరేషన్‌కు పరుగెత్తమని నా ఉద్దేశం కాదు. వేరే దేనికోసమో స్కానింగ్ చేస్తే రాయి కనబడింది, మీకు ఏ బాధా లేదు. అది మాట్లాడని రాయి. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే 123 మందికి ఇలాంటి రాళ్ళుంటే ఏళ్ళ తరబడి గమనించి 1982లో ఫలితం ప్రకటించారు. 15 ఏళ్ళలో నొప్పి వచ్చినవారు నూటికి 18 మంది మాత్రమే. అంటే ఎక్కువమంది రాయితో కలిసి మామూలుగానే బతికారు. కాబట్టి బాధ లేని రాయిని చూపించి రేపే కోయాలని ఎవరైనా భయపెడితే రెండో డాక్టరును అడగండి. సికిల్ సెల్ ఉన్నవారు, రాయి 3 సెంటీమీటర్లకు మించి ఉన్నవారు, తిత్తి గోడ సున్నం పట్టినవారు మాత్రం బాధ లేకపోయినా సర్జనుతో మాట్లాడాలి.

ఒకసారి నొప్పి వచ్చిందంటే అది మాట్లాడే రాయి. మళ్ళీ మాట్లాడుతుంది. అప్పుడు వాయిదా వేయకూడదు. నేను చేసిన తప్పు సరిగ్గా అక్కడే. నొప్పి తగ్గిన ఆ రెండు నెలలూ ఆపరేషన్‌కు అనువైన రోజులు. వాటిని నేను నా మందు గొప్పతనం కింద లెక్కవేసుకున్నాను.

ఆపరేషన్ అంటే భయపడేవారికి ఒక మాట. 1882లో బెర్లిన్‌లో లాంగెన్‌బుక్ అనే సర్జను మొదటిసారి పిత్తాశయాన్ని తీశాడు. ఆ తరువాత వంద సంవత్సరాలు పొట్టను పెద్దగా కోసే తీశారు. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె చిన్న రంధ్రాల గుండా తీశాడు. మన రాష్ట్రంలోనే, ముంబై జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ టెహంటన్ ఉద్వాడియా 1990లో ఆ పద్ధతిని మన దేశానికి తెచ్చారు. నేడు చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వస్తున్నారు. నాళంలో ఇరుక్కున్న రాయిని నోటి గుండా గొట్టం పంపి తీసే విధానం కూడా ఉంది. తిత్తి తీసేస్తే ఎలా బతకడం అని అడుగుతారు. రసం తయారు చేసేది కాలేయం, తిత్తి దాన్ని దాచుకునే చోటు మాత్రమే. అది లేకపోతే రసం నేరుగా పేగులోకి కారుతుంది. కొందరికి కొన్నాళ్ళు విరేచనాలు పలచగా అవుతాయి. చాలామందికి సర్దుకుంటుంది.

ఈ లక్షణాల్లో ఏది కనబడినా ఆ రాత్రే బయలుదేరండి: ఐదారు గంటలైనా తగ్గని నొప్పి, చలితో జ్వరం, కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో, మలం సున్నం రంగులో రావడం, నొప్పి వీపులోకి పోయి వాంతులు ఆగకపోవడం. మన జిల్లా కేంద్రం గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్ల దూరం. పడవ కోసం ఎదురుచూసే రోజులు పోయి వంతెన వచ్చాక మనవాళ్ళు కాళేశ్వరం మీదుగా భూపాలపల్లి, వరంగల్ వెళ్తున్నారు. నది దాటితే రాష్ట్రం మారుతుంది. మీ ఆరోగ్య కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో బాధ లేని రోజునే కనుక్కొని ఉంచుకోండి. అర్ధరాత్రి అంబులెన్సులో కూర్చొని కనుక్కోవలసిన విషయం కాదది.

తినే తిండి, ఉండే రోజా

రాయి రాకుండా చేసేదానిలో వంటింటికి పెద్ద పాత్ర ఉంది. వేళకు తినండి. చాలాసేపు ఏమీ తినకపోతే తిత్తి కదలదు, రసం నిల్వ ఉండిపోతుంది. ముఖ్యంగా స్త్రీలలో రాత్రిపూట ఖాళీ కడుపు వ్యవధి పెరిగేకొద్దీ రాళ్ళు పెరగడం పరిశోధనల్లో కనబడింది. రంజాన్‌లో సహరీకి లేవలేక రాత్రే నియ్యత్ చేసుకొని పడుకునేవారు ఇది గమనించాలి. సహరీ మానకండి. ఇఫ్తార్‌లో మిర్చి బజ్జీలు, సమోసాలు, హలీమ్ ఒక్కసారిగా దించకండి. ఖర్జూరం, పండ్లతో మొదలుపెట్టి, నమాజు తరువాత భోజనం చేయండి. ఇంతకుముందు నొప్పి వచ్చినవారు నెల మొదలుకాక ముందే డాక్టరును అడగండి.

కూరగాయలు, పప్పులు, జొన్న రొట్టె పెంచండి. డాల్డా, మరిగిన నూనెలో మళ్ళీ వేయించినవి తగ్గించండి. లావుగా ఉన్నవారు బరువు తగ్గాలి, కానీ నెలకు రెండు మూడు కిలోలు చాలు. రోజూ అరగంట నడవండి. ఆడవారు కూడా నడవాలి. గోదావరి ఒడ్డున గాలికి కొరత లేదు.

చివరగా, రిపోర్టు చేతికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. రాయి ఎక్కడ ఉంది, మూత్రపిండంలోనా, పిత్తాశయంలోనా? అది మాట్లాడుతోందా, లేదా? ఇది కొలెస్ట్రాల్ రాయా, రక్తపు జబ్బు వల్ల వచ్చినదా? జవాబులతో సర్జను దగ్గరకు వెళ్ళండి, ఆ తరువాత నా దగ్గరకూ రండి. తిండి గురించి, అరుగుదల గురించి నాకు తెలిసింది చెబుతాను. కరిగిస్తానని మాత్రం చెప్పను.

ఆ చెల్లెమ్మ ఈమధ్య ఒక వలీమాలో కనబడింది. సలాం చెప్పి, "చాచా, ఇప్పుడు దాల్చా తినొచ్చా?" అని నవ్వింది. "కొంచెం తినమ్మా" అన్నాను. తలెత్తి ఆమె ముఖం చూడటానికి నాకు కాసేపు పట్టింది.